పోరంబోకు భూమి - పిల్లల సేవ, పెద్దల పూచీ

గత ఆదివారము సాయంకాలము మన సంఘ కార్యవర్గము కూర్చుండి ఉగాది ఖర్చుల పద్దులు చూచుచుండగా, కళాశాలలో చదువుచున్న నలుగురు పిల్లలు అనుమతి పుచ్చుకొని లోనికి వచ్చిరి. ఇద్దరు బాలురు, ఇద్దరు బాలికలు. వారి కోరిక చిన్నది. మన పేట చివరనున్న చెరువుగట్టును, దాని ప్రక్కనున్న పోరంబోకును శుభ్రపరచి చెట్లు పెంచుటకు సంఘము 20,000 రూపాయలు ఈయవలెనని వారడిగిరి. వెంటనే ఒక పెద్దమనిషి, "నాయనా, సర్కారు భూమికి మన సొమ్మెందుకు? మన బడి పైకప్పు నాలుగుచోట్ల కారుచున్నది. పైగా మనము పన్ను కట్టుట లేదా?" అని అడిగిరి. అందుకొక అమ్మాయి, "బడి మనదే, చెరువూ మనదే కదండీ తాతగారూ" అన్నది. కొందరు నవ్విరి. విషయము వచ్చే సమావేశమునకు వాయిదా పడినది.

ఆ రెండు మాటలును వారము దినములుగా మా చెవులలో మారుమ్రోగుచున్నవి. బడి కప్పు కారుచున్న మాట నిజము. చెరువు మనదన్న మాటయు నిజము. ఇట్టి సందర్భమున ఒకరి మాట నెగ్గవలెను, ఒకరి మాట ఓడవలెనను పట్టుదలకు పోక, నిదానముగ విచారించుట మంచిది. మా అభిప్రాయమును దాచుకొనక ముందే మనవి చేయుచున్నాము. పిల్లలడిగిన సొమ్ము ఈయవలసినదే. అయితే ఒక్కనాటి వేడుకకు గాక, మూడేండ్ల పూచీతో ఈయవలెను. ఆ పూచీ పిల్లలది కాదు, పెద్దలది.

మొదట పోరంబోకు అను మాటను గురించి కొంచెము చెప్పవలెను. ఇది మన గంజాం మద్రాసు రాజధానిలో నుండిన కాలపు రెవిన్యూ మాట. శిస్తు విధింపక, చెరువులకు, బాటలకు, శ్మశానములకు, అందరి ఉపయోగమునకు విడిచిన భూమిని పోరంబోకనిరి. పశువుల మేతకు విడిచిన భూమిని ఒడియాలో గోచరమందురు. ఇంత గౌరవము గల మాట మన ఇండ్లలో ఏమైనది? పనిపాటు లేక తిరుగు కుర్రవానిని "పోరంబోకు వెధవ" అని తిట్టుచున్నాము. అందరిదైన భూమిని ఎవరిదియు కాని భూమిగ తలచినందుననే ఆ మాట తిట్టుగా మారినది. మాట చెడిన తరువాత భూమియు చెడినది. ఒకడు ఇల్లు కూల్చిన మట్టి తెచ్చి పోయును, ఒకడు బడ్డీ పెట్టును, మూడవవాడు గోడ కట్టును. పది సంవత్సరములకు చెరువు గుంట యగును, గుంట ఇండ్ల స్థలమగును. ఇది మన ఒక్క ఊరి కథ కాదు. పంజాబులోని ఒక ఊరి చెరువు భూమిని గురించిన జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టువారు 2011 జనవరి 28వ తేదీన తీర్పు చెప్పుచు, ఊరుమ్మడి భూముల అక్రమ ఆక్రమణలను తొలగించుటకు పథకములు సిద్ధపరచవలసినదని అన్ని రాష్ట్రములను ఆదేశించిరి. కోర్టు ఆదేశింపగలదు, అధికారులు ఆక్రమణను తొలగింపగలరు. కాని తొలగించిన మరునాటి నుండి ఆ గట్టుమీద నిలువవలసిన మనుష్యులను కోర్టువారు పంపజాలరు. వారు ఆ ఊరివారే కావలెను.

ఇక మా తప్పు మేము ఒప్పుకొందుము. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురమువద్ద తీరము దాటినప్పుడు బరంపురములో కూలిన చెట్లను మీరందరును చూచినవారే. నీడలేని వీధిని చూచి మనసు చివుక్కుమని, మరుసటి వర్షకాలమున మేమే ముందు నిలిచి ఒక చెరువుగట్టున 200 మొక్కలు నాటించితిమి. బాజాలు వచ్చినవి, ఉపన్యాసములైనవి, పిల్లలకు ఉప్మా, కాఫీ పెట్టితిమి, ఫోటోలు తీసితిమి. మరుసటి వేసవిలో వసూళ్లకై అటు పోవుచు ఆగి లెక్కించితిమి. 11 మొక్కలు ప్రాణముతో నున్నవి. మిగిలినచోట్ల ఎండిన పుల్లలు, వంగిన ఇనుప కంచెలు మాత్రమే కానవచ్చినవి. మేకలు తినినవని కొందరనిరి. మేకలను నిందించి లాభమేమి? ఇంటికి వచ్చి ఆనాటి చిట్టా తీసి చూచితిమి. మొక్కలకింత, కంచెలకింత, బాజాలకింత, ఫోటోలకింత అని వ్రాసియున్నది. నీళ్లకని ఒక్క పైసా లేదు. సరుకు కొని, గిడ్డంగికి కప్పు వేయక వానకు వదలిన వర్తకుని మీరేమందురు? మేము ఆనాడు చేసిన సేవ అట్టిది.

ఇది మా యొక్కరి తప్పు మాత్రమే కాదు. నేటి సేవా కార్యక్రమములు పెక్కింటికి ఇదే జబ్బు పట్టినది. జాతీయ సేవా పథకము గాంధీ మహాత్ముని శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24వ తేదీన 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. "నేను కాదు, నీవు" అనునది దాని ఆదర్శము. దాని చిహ్నము కోణార్క సూర్యదేవాలయపు రథచక్రమును బట్టి ఏర్పడినది గనుక, ఈ రాష్ట్రమున నివసించు మనకది మరింత ప్రీతిపాత్రము. అందు చేరిన విద్యార్థి ఏటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలెను. ఏడు దినములు ఒక ఊరిలో శిబిరముండవలెను. ఆ శిబిరములవలన పట్టణపు పిల్లలు ఎందరో పార పట్టుట నేర్చిరి, పల్లె ముఖము చూచిరి. దానిని మేము తక్కువ చేయము. కాని 240 గంటలన్నది విద్యార్థిని కొలుచు కొలత. మొక్కకు అది కొలత కాదు. వేపమొక్క నాటినచో దానిని రెండు మూడు వేసవులు దాటించవలెను. పూడిక తీసిన కాలువకు ఏటేట మరల పూడిక చేరును. ఈ లోపల విద్యార్థి పరీక్ష వ్రాసి, ధ్రువపత్రము పుచ్చుకొని, ఉద్యోగమునకై బెంగుళూరో విశాఖపట్టణమో పోవును. తప్పు అతనిది కాదు. అతడు వెళ్లిన తరువాత ఆ పనిని అందుకొనువాడు లేకపోవుటయే లోపము.

ఇతర దేశములలో దీర్ఘకాలము నడచిన సేవ ఎట్టిదో చూడుడు. అమెరికాలో 1933 మొదలు 1942 వరకు ప్రభుత్వము అడవులలోను, ఉద్యానవనములలోను, కోతబడిన నేలలలోను పనిచేయుటకు యువకుల దళము నొకదానిని నడపినది. పనులు దొరకని ఆర్థికమాంద్యపు దినములవి. సుమారు 30 లక్షల మంది యువకులు అందు పనిచేసి, 300 కోట్ల వరకు చెట్లు నాటిరి. వారు చేరినది ఏడు దినములకు కాదు, ఆరేసి నెలలకు. వారికి తిండి, బట్ట, వసతి గాక నెలకు 30 డాలర్ల జీతము కలదు. అందులో అధికభాగము ఇంటనున్న తల్లిదండ్రులకు పోవుచుండెను. మన దేశపు పరిస్థితులు వేరు, మన సంఘపు శక్తి వేరు. అయినను కాలవ్యవధి లేని సేవ వ్యర్థమనియు, పేదవాని కడుపు నింపని సేవ నిలువదనియు అచ్చట తెలిసికొనదగినది.

అంతదూరమేల? మన జిల్లాలోనే, ఇంచుమించు గంట ప్రయాణమున, ఋషికుల్యా నది సముద్రములో కలియు ఇసుకతీరము కలదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులు గుంపులుగా అక్కడికి వచ్చి గ్రుడ్లు పెట్టును. ఈ సంగతిని శాస్త్రజ్ఞులు 1994లో గుర్తించిరి. 2023లో వచ్చినవి ఆరు లక్షలకు పైబడినవని లెక్క తేలినది. తల్లి తాబేలు నూరు గ్రుడ్లకు అటునిటుగా పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోవును. సుమారు 45, 50 దినములకు పిల్లలు రాత్రివేళ పైకి వచ్చి, సముద్రముమీది వెలుతురును చూచి అటు ప్రాకును. ఊరి దీపములో, కర్మాగారపు దీపములో అంతకంటె ఎక్కువగా వెలిగినచో, అవి దారి తప్పి ఊరివైపు వచ్చి, కుక్కల పాలును కాకుల పాలును అగును.

ఆ పిల్లలను బుట్టలలోను బకెట్లలోను ఏరి సముద్రమునకు చేర్చువారు ఎవరు? పురుణాబంధ, గోఖరకుద, పొడంపేట మొదలగు తీరగ్రామముల యువకులు అటవీశాఖ సిబ్బందితో కలిసి ఈ పని చేయుచున్నారు. కుక్కలు రాకుండ వలలు కట్టుదురు, రాత్రులు కావలి కాయుదురు. ఆ తీరము ఎవరి పట్టాలోను లేదు. పూర్వము గ్రుడ్లను త్రవ్వి తినిన తీరములలో నేడు గ్రుడ్లకు కావలి యున్నది. గంజాం తీరమున వేటాడు మత్స్యకారులలో తెలుగు మాటాడు కుటుంబములు చాల కలవు, వారిని ఒడియావారు నోలియాలందురు. ఈ సేవలో వారి త్యాగము మన పట్టణపు మేడలకు తెలియదు. తాబేళ్ల రక్షణకై నవంబరు 1 మొదలు మే 31 వరకు, ఋషికుల్య ముఖద్వారమున తీరమునుండి 20 కిలోమీటర్లలోపల మరపడవల చేపలవేటపై నిషేధముండును. ఆ ఏడు నెలల భారమును మోయునది వేటమీద బ్రతుకు ఇండ్లే. మనలో కొందరు సెలవుదినమున చేతిదీపములు, కెమెరాలు పట్టుకొని పోయి, తాబేలును బెదరించి, తిరిగివచ్చి దానినే సేవ యనుకొందురు.

ఆ తీరమున పని నిలుచుటకును, మేము నాటిన మొక్కలు ఎండుటకును గల భేదమేమి? అచ్చట చోటు ఒక్కటే, ఏటేట కాలము ఒక్కటే, పనిచేయువారు అచ్చటనే కాపురమున్నవారు. మాకు ఈ మూడును లేకపోయినవి. ఇంతకంటె వేరు రహస్యము లేదు.

మనవారికి సేవ చేయుట రాదని ఎవరైన అన్నచో మేమొప్పము. నేతపనివారైన దేరావారు ముందు నిలిచి నడపు బుఢీ ఠాకురాణి యాత్ర రెండేండ్ల కొకసారి వచ్చును. నెలకు దగ్గరగా సాగు ఆ యాత్రలో నీళ్లందించుటకు, తప్పిపోయిన పిల్లలను ఇండ్లకు చేర్చుటకు, జనమును వరుసలో నిలుపుటకు మన కుర్రవాండ్రను ఎవరైన జీతమిచ్చి పిలుచుచున్నారా? ఒడియావారు, తెలుగువారు అను భేదము ఆ వీధులలో కనబడునా? అమ్మవారి వీధికి గల శ్రద్ధ అమ్మవారి ఘటము మునుగు నీటికి ఉండరాదా అని మేమడుగుచున్నాము.

ఈ పనికి మన సంఘమే ఎందుకు పూనుకొనవలెనని కొందరడుగవచ్చును. విద్యార్థి రెండేండ్లుండును. అధికారి కొన్నేండ్లకు బదిలీ యగును. సభ్యుడు ఎన్నికవరకుండును. మనమో, తరతరములుగా ఇచ్చటనే యున్నాము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు మన తాతలు ఇల్లు కదలలేదు, అంగడి కదల్చలేదు. సరిహద్దు కదలినది, మనము కదలలేదు. స్థిరనివాసులమని ప్రతి మహజరులోను వ్రాసికొను మనము, ఆ స్థిరత్వమును చెరువుగట్టున చూపవద్దా? పిల్లలు గంటలు ఈయగలరు. ఏండ్లు ఈయగలవారము మనము. ఆ గంటలను ఈ ఏండ్లతో ముడివేయుటయే సంఘము చేయవలసిన పని.

ఇచ్చట ఒక హెచ్చరిక. సేవ చేసినచో ప్రభుత్వమువారు మెచ్చి మన బడికి తెలుగు ఉపాధ్యాయుని ఇత్తురను ఆశతో ఈ పని చేయరాదు. రాజ్యాంగములోని 29, 30వ అధికరణములును, 1956లో ఏడవ సవరణచే చేరిన 350-ఎ అధికరణమును మనకు చెప్పినది హక్కు. హక్కును మహజరుతో అడుగుదము, అవసరమైనచో న్యాయస్థానమున అడుగుదము. దానిని చెత్త యెత్తి సంపాదించుకొనవలసిన పనిలేదు. చెరువు పని ఆ నీటికొరకు, ఆ నీడకొరకు చేయవలెను. హక్కును కృపగా మార్చుకొన్నవాడు రెండును పోగొట్టుకొనును.

మరియొక హెచ్చరిక మా వర్తకులకు. కూలి యిచ్చి చేయించవలసిన పనిని సేవ పేరిట ఉచితముగ చేయించరాదు. మన ప్రాంతమున వెట్టి యనగా నేమో పెద్దలెరుగుదురు, ఒడియావారు దానినే బెఠి యనిరి. చెరువులు కాలువలు బాగుచేయుటకు రైతులను నిర్బంధించు చట్టము 1858లో మద్రాసు రాజధానికై ఏర్పడినది. ఊరుమ్మడి పని మంచిదే, కాని బలవంతము చేరినవెంటనే అది చేదైనది. కావున బరువైన పూడిక తీయుట, వేసవిలో దినదినము నీళ్లు పోయుట కూలివారి పని, దానికి కూలి ఈయవలెను. పిల్లలు లెక్క చూచుట, కంచె సరిచూచుట, ప్లాస్టిక్కు ఏరుట, ఇండ్లకు పోయి చెత్త వేయవద్దని చెప్పుట మొదలగునవి చేయుదురు. బీదవాని నోటికాడ కూడు తీసి మన పిల్లలకు పుణ్యము కట్టబెట్టవద్దు.

ఇక మా సూచనలు. ఒక్క చోటునే పట్టుకొందము, పది చోట్లకు పోవద్దు. పని మొదలు పెట్టకముందే తహశీలు కచ్చేరిలో ఆ చెరువు విస్తీర్ణపు నకలు తీసికొని, హద్దులు కొలిపించి, వ్రాతమూలకముగ అనుమతి పొందుదము. అనుమతి లేని సేవ రేపు మనమే ఆక్రమించితిమను నిందకు దారి తీయును. గట్టున కాపురమున్న బీదల గుడిసెలతో మన పిల్లలకు పనిలేదు, ఆ తగవు చట్టప్రకారము తేల్చువారు వేరే కలరు. నాటు మొక్కలు 50కి మించనక్కరలేదు, కాని మూడవ వేసవి దాటునప్పటికి 40 అయినను నిలువవలెను. ఆడపిల్లలు వచ్చు దినమున ఇద్దరు పెద్ద ఆడవారు తోడుండవలెను, చీకటి పడకముందే ఇల్లు చేరవలెను. పొరుగు ఒడియా ఇండ్ల పిల్లలను మొదటినాడే పిలువవలెను, పలకమీది పేరు రెండు లిపులలో నుండవలెను.

పని పుస్తకమొకటి పెట్టి, ఏనాడు ఎవరు వచ్చిరి, ఎన్ని మొక్కలు ఎండినవి, ఎంత ఖర్చైనది అనునవి ఒక ప్రక్క తెలుగులోను, మరియొక ప్రక్క ఒడియాలోను పిల్లలచేతనే వ్రాయింపవలెను. మన కళాశాల పిల్లలలో తెలుగు చక్కగ మాటాడి, నాలుగు పంక్తులు వ్రాయలేనివారు ఎందరో యున్నారు. వారికి ఉపన్యాసముకంటె ఆ పుస్తకము ఎక్కువ మేలు చేయును. నెలకొకసారి ఆ లెక్కను ఈ పత్రికలో ప్రచురింపవలెను. ఎండిన మొక్కల సంఖ్యను కూడ దాచక ప్రచురింపవలెను. నష్టము వ్రాయని చిట్టాను ఏ వర్తకుడును నమ్మడు.

సొమ్ము ఎక్కడిదని అడుగుదురు. ఉగాది పద్దులో వేదిక అలంకారమునకు, విద్యుద్దీపములకు, అతిథుల శాలువాలకు వ్రాసిన మొత్తమును ఒకసారి చూడుడు. ఈ ఏడు శాలువాలు మానుదము. శాలువా లమ్ముకొని బ్రతుకు మేమే ఈ మాట చెప్పుచున్నాము గనుక, ఇందు స్వార్థము లేదని మీరు నమ్మవచ్చును. అతిథికి ఒక పుష్పగుచ్ఛము, ఒక నమస్కారము చాలును. ఆ మిగులుతో చెరువు పని మొదటి సంవత్సరము నడచును. బడి కప్పు విషయములో పెద్దమనిషి మాటయే సరి, దానిని వర్షములకు ముందే బాగుచేయవలెను. అందుకు వర్తకులమందరము వేరుగ చందా వేసికొందము. మా అంగడి వంతు మేము సిద్ధముగ నుంచినాము. పిల్లల కోరికను బడి పేరుతో త్రోసివేసి, తరువాత బడిని కూడ మరచిపోవుట మన సంఘములో లోగడ జరుగని పని కాదు.

ఇంకొక్క మాట. ఆనాడు ఆ నలుగురు పిల్లలు మన గుమ్మము త్రొక్కిరి. మన సభలకు పిల్లలు రావడము లేదని ఏటేట విచారించు మనము, వచ్చినవారిని వాయిదా వేసి పంపితిమి. రెండవమారు వారు మరియొక చోటికి పోవుదురు. పోయి మంచిపనియే చేయుదురు, అందుకు మనకు విచారము లేదు. కాని ఆ పనిలో తెలుగు సంఘము లేదను మాట మిగిలిపోవును. నేటి పిల్లలు అడిగినది వేదిక కాదు, సన్మానము కాదు. ఒక చెరువుగట్టును, మూడేండ్ల మన తోడును అడిగిరి.

వచ్చే ఆదివారము సమావేశమునకు సభ్యులందరు తప్పక రావలెనని ప్రార్థించుచున్నాము. ఉదయము ఆరు గంటలకు చెరువుగట్టున కలిసికొని, ఒకసారి చుట్టు తిరిగి, తరువాత సభకు పోదము. చూచిన తరువాత కూడ అది మనది కాదని ఎవరికైన తోచినచో, అప్పుడు మా మాటను త్రోసివేయవచ్చును.